ఏడుకోట్లమ్మగారి మొండి సంఖ్య

ఇది ఆవిడ పోయిన నాడే రాయవలసింది. కానీ అప్పటికి నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. ఎంత పెద్ద సంఖ్య చెప్పినా రాసేదాన్ని, చదివేదాన్ని. నా పేరు రాయమంటే మాత్రం వేలిముద్రే. ఒట్టి అంకెలతో మనిషి గురించి రాయడం కుదరదు. ఆవిడ గురించైతే సగం కుదురుతుందేమో గాని, మిగతా సగానికి అక్షరాలు కావాలి. అరవై దాటాక మా పేటలో ఆడవాళ్ళకి మధ్యాహ్నం పూట చదువు చెబుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. గుణింతాలు పట్టుబడడానికి చాలా కాలం పట్టింది. తొమ్మిది ఎక్కడ రాసినా తొమ్మిదే. అక్షరాలు అలా కావు, పక్కనున్నవాళ్ళని బట్టి వేషాలు మారుస్తాయి. ఎలాగైతేనేం, వచ్చాయి. మొదట ఆవిడ గురించే రాస్తున్నాను.

రామచంద్రపురంలో ఇత్తడి సామాన్ల కొట్టువారి ఇంట్లో పెద్దావిడ ఆవిడ. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. ఎదురుగా అమ్మగారు, అత్తయ్యగారు. చాటున వీధి వీధంతా ఏడుకోట్లమ్మగారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో అమ్మవారి పేరనుకునేవారు. ఇంకొందరు ఆవిడ పెట్టెలో ఏడు కోట్లున్నాయనుకుని కాస్త వంగి మాట్లాడేవారు. ఆవిడ దగ్గరున్నది ఒక సంఖ్య. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. ఆవిడ దాన్ని ఊయలబల్ల మీద కూర్చుని, కాలితో నేలని తట్టుకుంటూ, పసిపిల్ల పేరు పిలిచినట్టు అనేవారు.

ఆ ఇంట్లో నా పని పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం, తరవాత చింతపండు పిక్క తీయడం, బియ్యం ఏరడం, ఎండలు ముదిరాక అప్పడాలు ఒత్తడం. నాకు నలభై దాటినా ఆవిడకి నేను 'పిల్లా'నే.

ఆవిడ నాతో మొదటిసారి గట్టిగా మాట్లాడింది అప్పడాల దగ్గరే. మేడ మీద పంచె పరిచి, వరసకి పదేసి చొప్పున ఆరేస్తున్నాను. ఆఖర్న ఒక్కటి మిగిలితే ఓ మూల ఇరికించాను. ఆవిడకి అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు. అయినా దగ్గరికి వచ్చి, వంగి, వేలితో తడిమి పట్టుకున్నారు.

"ఇదేంటి పిల్లా, వరస తప్పింది?"

"ఒకటి మిగిలిందండి."

"తొమ్మిదేసి పెట్టి చూడు."

పెట్టాను. రెండు మిగిలాయి. ఎనిమిదేసి పెట్టమన్నారు. అయిదు మిగిలాయి. ఏడేసి పెడితే మూడు. ఎండ నడినెత్తికి వచ్చింది. కింద నుంచి కోడలుగారు కేకలు.

"అత్తయ్యగారూ, అవి అప్పడాలండీ, చదరంగం కాదు! విరిగిపోతాయి!"

"విరిగితే వేయించుకుని తిందాంలేవే," అని ఆవిడ నన్ను రెండేసి దాకా దింపారు. దేనికీ సరిపోలేదు. అప్పుడు నడుం ఎత్తి, నవ్వుతూ అన్నారు. "నూట ఒకటి. ఇది మొండిది. ఎన్నేసి పెట్టినా సమంగా కూర్చోదు." పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అంటారని చాలాకాలం తరవాత తెలిసింది. ఆవిడ నోట అది మొండిదే.

"పదకొండేసి పెట్టి చూడలేదు కదండీ," అన్నాను నేను.

ఆవిడ నా వైపు తిరిగారు. నా మొహం ఆవిడకి మసగ్గా కనపడి ఉంటుంది. "పదకొండేసి పెడితే పదకొండు వరసలైనా వస్తాయా? రావు. పదో, ఇంకా తక్కువో వస్తాయి. అంటే పంచెని ఇటు నుంచి అటు తిప్పి చూస్తే అది పదేసిలోపు లెక్కే. అది మనం చూసేశాం. ఎప్పుడూ పొట్టి వరస పట్టుకోవాలి పిల్లా. పొట్టిది దొరక్కపోతే పొడుగుదీ లేనట్టే."

ఆ సాయంత్రం పలక తెప్పించి నాకు అంకెలు దిద్దబెట్టారు. ఆవిడకి కళ్ళు కావాలి, నేను దొరికాను. నాకేం దొరికిందో అప్పుడు తెలియదు.

ఆవిడ సంఖ్య సంగతి చెప్పాలి. అది మేడలా కట్టింది. కింద ఏడు. అది మొండిది. దాని పక్కన మూడు పెడితే డెబ్బై మూడు, అదీ మొండిదే. తొమ్మిది పెడితే ఏడు వందల ముప్పై తొమ్మిది, అదీ అంతే. అలా కుడిపక్కన ఒక్కో అంకె చేర్చుకుంటూ, చేర్చిన ప్రతిసారీ మొండిగానే ఉండేలా ఎంత దూరం వెళ్ళగలమన్నది ఆట. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి కొట్టు అరుగు మీద ఆవిడా, వాళ్ళ అన్నగారూ కలిసి ఆడిన ఆట. పదమూడో ఏట ఆవిడకి పెళ్ళయింది. అన్నగారు చదువుకుని రాజమండ్రి కాలేజీలో లెక్కల లెక్చరర్ అయి రిటైరయ్యారు. ఆవిడ ఇత్తడి బిందెల మధ్య ఆట ఆపలేదు. పలక మీద సంఖ్య రాయించి, కుడి చివర బొటనవేలితో ఒక్కో అంకే మూస్తూ "ఇప్పుడు చూడు, తోక కోసినా నిలబడింది. ఇంకో తోక కోద్దాం, ఇప్పుడూ నిలబడింది," అనేవారు, చివరికి ఏడు ఒక్కటే మిగిలేదాకా.

ఏడంతస్తుల దాకా ఆవిడ కళ్ళు బాగున్నప్పుడే తేల్చుకున్నారు. ఎనిమిదోదానికి సరి అంకెలూ అయిదూ ఎలాగూ పనికిరావు. ఒకటీ ఏడూ పెడితే మూడుతో భాగింపబడిపోయింది. తొమ్మిదీ నిలవలేదు. మిగిలింది మూడు. అది నిలబడుతుందా, లేదా? ఆవిడకి కావలసింది అదొక్కటే.

అన్నగారు ప్రతి దసరాకీ వచ్చేవారు. మంచి మనిషి, కానీ నోరు ఊరుకోదు.

"చెల్లాయ్, నీ మేడ ఏడంతస్తులే. ఎనిమిదోది నిలబడిందని చూపించాలంటే ఎనిమిది వేల ఆరు వందలలోపు ఎన్ని మొండివున్నాయో అన్నింటితోనూ భాగించాలి. వెయ్యి పైచిలుకు. నాకే ఓపిక లేదు, నీకు కళ్ళు కూడా లేవు."

"నిలబడితే?"

"నిలబడితే నీ వీధిలో నిలబడి నేనే చెప్తాను, మా చెల్లెలు నాకంటే గట్టిదని."

"వచ్చే దసరాకి రా," అన్నారు ఆవిడ.

కాకినాడ డాక్టరుగారు శుక్లాలు ముదిరితే గాని తియ్యకూడదన్నారు. అవి ముదిరేలోపు, ఆ మసక చీకట్లో, ఆవిడ పనిలోకి దిగారు. నేనూ దిగాను.

సామాన్ల గది గోడ నిండా ఆవిడ ఎప్పుడో బొగ్గుతో రాసుకున్న మొండి సంఖ్యలుండేవి. పండగలకి ఇల్లంతా సున్నం వేసినా ఆ గోడ జోలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. భోజనాలయ్యాక నేను గోడ మీద ఒక సంఖ్య చదివేదాన్ని. ఆవిడ నేల మీద ముగ్గుపిండితో నాలుగు గళ్ళు గీయించుకుని, నేను తీసిన చింతపిక్కలు పెట్టుకునేవారు. కుడి చివర ఒకట్ల గడి, తరవాత పదులది, వందలది, వేలది. గుణకారాలు ఆవిడ తలలో జరిగేవి. మిగిలినదెంతో పిక్కల్లో ఉండేది. ఆవిడ చెప్పినన్ని పిక్కలు నేను వేసేదాన్ని, తీసేదాన్ని. చివర్న ఆవిడ వేళ్ళతో తడిమి చూసుకునేవారు. గళ్ళన్నీ ఖాళీ అయితే సంఖ్య కూలిపోయినట్టే. ఏ ఒక్కటి మిగిలినా నిలబడినట్టు.

"ఎవరొచ్చారు పిల్లా ఈ పూట?"

"ముప్పై ఒకటిగారండి."

"కూర్చోమను." ఆవిడ లెక్కలో ఏడుకోట్ల పిల్లకి ఇవన్నీ పెళ్ళిసంబంధాలు. భాగించి, తడిమి, "పది మిగిలింది. కుదరలేదు. వెళ్ళి రమ్మను," అనేవారు. అరవై ఏడొచ్చింది, పదే మిగిలింది. తొంభై ఏడొచ్చింది, మళ్ళీ పదే. "ఇదేంటి, వచ్చినవాడికల్లా పదేసి చేతిలో పెట్టి పంపేస్తోంది!" అని తెగ నవ్వారు.

తరవాత నాకు జ్వరం వచ్చింది. పని ఆగకూడదని మా ఆయన్ని పంపాను. ఆయనది కళ్ళాల్లో ధాన్యం కొలిచే పని. కాటాలొచ్చాక ఆ పని తగ్గినా అలవాటు మాత్రం పోలేదు. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు. అంకెలు చదవలేకపోయినా, చెప్పినన్ని పిక్కలు పెట్టడంలో తేడా రాదు. ఆ రోజు గోడ మీది సంఖ్యని కోడలుగారు చదివి వెళ్ళారట. మూడు వందల అరవై ఏడు.

మర్నాడు జ్వరం దిగి నేను వెళ్ళేసరికి సామాన్ల గది తలుపు వేసి ఉంది. కోడలుగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"రాత్రి నుంచి అన్నం ముట్టలేదే. 'పోయిందే' అంటే ఎవరు పోయారోనని నా గుండె ఆగినంత పనయింది. సంఖ్యట!"

"ఏమయిందటండీ?"

"అన్ని గళ్ళూ ఖాళీట. నాకేం తెలుసు? మీ ఆయన్ని పంపేశారు, మంచమెక్కారు."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. మనిషి పోతే అనడానికి నాలుగు మాటలున్నాయి. సంఖ్య పోతే ఏమంటారు? ఆవిడే, ఇటు తిరక్కుండానే అన్నారు.

"అన్నయ్య ఏమీ అనడు పిల్లా. పోనీలే చెల్లాయ్ అంటాడు. ఆ పోనీలేనే నేను వినలేను."

మధ్యాహ్నం దాటింది. నేను బియ్యం చేటతో అక్కడే కూర్చుని ఏరుతున్నాను. ఉన్నట్టుండి ఆవిడ అడిగారు.

"ముప్పై ఒకటికి ఎంత మిగిలింది?"

"పదండి."

"అరవై ఏడుకి?"

"పదేనండి. తొంభై ఏడుకీ పదేనండి."

కాసేపు పెదవులు మాత్రం కదిలాయి. ఏదో పెద్ద గుణకారం. తరవాత ఒక్కసారి లేచి మంచం మీద కూర్చున్నారు. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, పట్టించుకోలేదు.

"పిల్లా, విను. మూడింటికీ పదే మిగిలిందంటే, మన సంఖ్యలోంచి ఆ పది తీసేస్తే మూడూ అందులో పూర్తిగా పోవాలి. ఆ మూడింటినీ కలిపి గుణించాను. రెండు లక్షల ఒక వెయ్యి నాలుగు వందల అరవై తొమ్మిది వచ్చింది. పది తగ్గించిన మన సంఖ్యలో అది ఎన్నిసార్లు పోతుందో తెలుసా? సరిగ్గా మూడు వందల అరవై ఏడు సార్లు! అంటే మూడు వందల అరవై ఏడుగారు పూర్తిగా పోయేది పది తగ్గించినదాంట్లో. మనదాంట్లో కాదు. ఆయనకీ పదే మిగలాలి." మంచం పట్టె మీద అరచేత్తో ఒక్కటి కొట్టారు. "నా పది ఎవరు తీశారు?"

మా ఆయన్ని పిలిపించాం. ఆయన వచ్చి, తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఆఖర్న ఏం చేశావయ్యా?"

"తమరు తియ్యమన్నవన్నీ తీశానండి."

"తీశాక గళ్ళలో ఏమీ లేదా?"

"ఏమీ లేదండి... ఒకటే ఉందండి."

"ఏ గడిలో?"

"కుడి చివర్నించి రెండోదాంట్లోనండి. ఒక్కటే అడుగున ఉండిపోయిందండి. కళ్ళంలో అడుగు గింజ కొలవకూడదు కదండీ, అది కొలిచేవాడిదే కదండీ..." అంటూ తువ్వాలు కొసన ముడి విప్పారు. నల్లగా, నున్నగా, ఒక చింతపిక్క.

పదుల గడిలో ఒక్క పిక్క. అదే పది.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరూ ఆవిడ అలా నవ్వగా చూడలేదు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపి ఆ పిక్క పుచ్చుకుని, "మా పిల్ల పరువు మూట కట్టుకుపోయావు కదయ్యా!" అన్నారు. మా ఆయన తనేం చేశారో అర్థం కాక నా వంక చూశారు. కోడలుగారు అన్నం కలిపి తెచ్చారు. ఆవకాయతో రెండు ముద్దలు తిని, మూడో ముద్ద నోట్లో ఉండగానే, "తరవాతెవరు పిల్లా?" అన్నారు.

ఆ తరవాత ఇల్లు మారిపోయింది. అంతకుముందు నవ్వినవాళ్ళే కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఎవరొచ్చారండీ, ఏమన్నారు?" అని అడగడం మొదలుపెట్టారు. కోడలుగారైతే వచ్చిన సంఖ్యలకి వంకలు కూడా పెట్టేవారు. "ఇదేం సంబంధం అత్తయ్యగారూ, అన్నీ సున్నాలే!" వానలొచ్చి గోడ చెమ్మగిల్లితే అడుగు వరసలు చెరిగిపోకుండా కోడలుగారే గోనెపట్టాలు వేళ్ళాడదీశారు. వేలలోకి వెళ్ళాక ఒక్కో భాగహారానికి చాలాసేపు పట్టేది. ఆవిడ ఏ పూటా తొందరపడలేదు. శుక్లాలు ముదిరాయి, కాకినాడ వెళ్దామని కొడుకు అంటే, "గుమ్మంలో ఇంకా మనుషులున్నార్రా, వాళ్ళని పంపించి వస్తాను," అన్నారు.

దసరా ముందు అన్నగారు వచ్చేసరికి గోడ మీద ఒక్కరే మిగిలారు. ఆయన కోసమే ఆపి ఉంచారు. కుర్చీ వేయించి, కాగితం కలం ఇచ్చి, "నువ్వూ చెయ్యి అన్నయ్యా. చదువు పిల్లా," అన్నారు.

"ఎనిమిది వేల ఐదు వందల తొంభై ఏడుగారండి."

కోడలుగారు ఒక బిందెని ఆనుకుని కూర్చున్నారు. మా ఆయన గుమ్మం బయటే, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పిక్కల జోలికి వెళ్ళనని ఒట్టు. ఆవిడ చెబుతున్నారు, నేను వేస్తున్నాను, తీస్తున్నాను. అన్నగారి కలం చప్పుడు వినబడుతోంది. ఒక చోటికి వచ్చేసరికి నలభై తొమ్మిది మిగిలింది. ఇంక రెండే అంకెలు దించాలి, రెండూ మూళ్ళే. ఆవిడ మొహం వెలిగిపోయింది. నాకు ఇంకా అందలేదు.

"నాలుగు వందల తొంభై మూడు. చాలదు. దించు. నాలుగు వేల తొమ్మిది వందల ముప్పై మూడు. చాలదు. ఇంక దించడానికేం లేదు."

వేళ్ళతో నాలుగు గళ్ళూ తడిమారు. నాలుగు, తొమ్మిది, మూడు, మూడు. ఏ గడీ ఖాళీగా లేదు.

అన్నగారు కాగితం వంక చూసి, గళ్ళ వంక చూసి, "తరవాతిది తొంభై తొమ్మిది..." అని మొదలుపెట్టారు.

"ఎనిమిది వేల ఐదు వందల తొంభై తొమ్మిదిని దానితోనే గుణిస్తే మన సంఖ్య దాటిపోతుంది అన్నయ్యా. పొట్టి వరసలు అయిపోయాయి. ఇంక ఎవరూ రారు."

ఆయన కలం కింద పెట్టేశారు. కుర్చీ దిగి, ముగ్గుపిండి పంచెకంటుతుందని కూడా చూడకుండా చెల్లెలి ఎదురుగా నేల మీద కూర్చున్నారు. "నిలబడింది చెల్లాయ్," అన్నారు. "ఎనిమిదో అంతస్తు నిలబడిందే!"

"నువ్వు చెప్పవలసింది ఇక్కడ కాదు," అన్నారు ఆవిడ. "వీధిలో."

మర్నాడు తెల్లవారుతుండగా నేను వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లాను. ముగ్గుచిప్ప పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అన్నాళ్ళూ పలక మీదే గాని బయట ఎక్కడా ఒక్క అంకె రాసి ఎరుగను. గుమ్మం పక్కనే వంగి, మూరెడు ఎత్తున ఏడు రాశాను. అక్కణ్ణుంచి వీధి వైపు జరుగుతూ మూడు, తొమ్మిది, మూడు, తొమ్మిది, ఒకటి, మూడు. ఆఖరి మూడు వీధి మధ్యకి వచ్చింది.

పాలాయన సైకిల్ ఆపేశాడు. "ఏంటండీ ఇది, టెలిఫోన్ నంబరా?"

అన్నగారు నోట్లో వేపపుల్లతో బయటికి వస్తున్నారు. పుల్ల తీసేసి, వీధి రెండు చివరలకీ వినపడేలా అన్నారు. "టెలిఫోన్ కాదయ్యా! మా చెల్లెలి సంఖ్య. దేనికీ లొంగదు. నేను చెయ్యలేనన్నాను, అది చేసింది. నాకంటే గట్టిది!" ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి.

ఆవిడ ద్వారబంధం పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ముగ్గు ఆవిడకి కనపడదు.

"ఎటు నుంచి రాశావు పిల్లా?"

"ఏడు గుమ్మంలో ఉందండి. తోక వీధి వైపండి."

ఆవిడకి అర్థమయింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వారు. పాలాయన సంఖ్య తొక్కకుండా సైకిల్ ఎత్తి పట్టుకుని పక్కనుంచి పోబోతుంటే, "తొక్కు నాయనా, తొక్కు!" అన్నారు. అతను భయపడుతూనే ఆఖరి మూడు మీద నుంచి నడిపించాడు. అది చెదిరిపోయింది.

"ఇప్పుడెంతుంది?"

"డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడండి."

"నిలబడిందా?"

"నిలబడిందండి," అన్నాను. ముగ్గుచిప్ప అరుగు మీద పెట్టి, వెనక వస్తున్న ఎడ్లబండికి నేనే దారి వదిలాను.